తిరుపాలమ్మ అరుగు మీద సిగ్నల్

పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, చేటలో వేరుశనగ కాయలు పోసుకుని తిరుపాలమ్మ అరుగు మీద కూర్చుంటే, ఊరు ఊరంతా ఫోన్లు పట్టుకుని ఆమె చుట్టూ చేరేది. జమ్మలమడుగు అవతల ఉన్న ఆ ఊరికి టవర్ లేదు. సిగ్నల్ తిరుపాలమ్మ దగ్గరే ఉండేది. ఆమె చేనికి పోతే వెంట పోయేది, కునుకు తీస్తే కాస్త తగ్గేది. మొగుడు ఓబులేసు ఊరు విడిచిన నాటి నుంచి ఆమె రోడ్డు వైపు చూస్తూనే ఉంది, ఆ చూపుతోనే వచ్చింది సిగ్నల్. మొదట్లో పక్కింటి రేడియో బాగా పలికింది. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు.

పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఒక పార్టీ. ఒకరి వీధిలో ఒకరు కాలు పెట్టరు. తిరుపాలమ్మ ఇల్లు రెంటికీ నడుమ. అందుకని అరుగుకు ఆ చివర వీళ్ళు, ఈ చివర వాళ్ళు వీపులు తిప్పుకుని కూర్చునేవాళ్ళు. బాంబులు విసిరిన చేతులతోనే ఫోన్లో మనవళ్ళ ఫొటోలు జరుపుతూ మురిసిపోయేవాళ్ళు.

ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి కరుణమ్మ అనే అమ్మాయి టాబ్ పట్టుకుని సర్వేకు వచ్చింది. ఎన్ని ఇళ్ళలో ఇంటర్నెట్ ఉంది, ఎవరికి వాడటం వచ్చు, లెక్క తేల్చాలట.

"ఇంట్లో ఎంతమంది అక్కా?"

"ఇద్దరం."

"రెండో మనిషి యాడుండాడు?"

"తెల్దు పాపా."

కరుణమ్మ ఒకరే అని నింపుకుంది. "ఫోను?"

"లేదు. ముట్టుకోను."

పైవీధి ఆదినారాయణ పకపకా నవ్వాడు. "ఊరికంతా నెట్టు ఆయమ్మ దగ్గరే. ఆయమ్మకు మాత్రం ఫోను లేదు. రాసుకోమ్మా."

ఎందుకు లేదో అతనికీ తెలుసు. ఓబులేసు ఏ పార్టీ మనిషీ కాదు. చేనికి పోతూ ఒక హత్య కళ్ళారా చూశాడు, అంతే. సాక్ష్యం చెప్పమని ఒకరు, చెబితే నరుకుతామని ఒకరు వెంటపడ్డారు. పోయేటప్పుడు పెళ్ళానికి ఒకటే మాట చెప్పాడు: "ఏ ఫోనూ ముట్టుకోవద్దు మే. నీ దగ్గర్నుంచే నన్ను పట్టుకుంటారు."

ఇప్పుడు ఆ రెండు పార్టీల నాయకులూ ఒకే పార్టీలో చేరి, ప్రొద్దుటూరు సభలో ఒకే గజమాలలో తలలు దూర్చారు. నాయకులు కలిసినంత సులువుగా వీధులు కలవలేదు గానీ, కేసు మాత్రం రాజీ అయిపోయింది. ఆ సంగతి ఓబులేసుకు చెప్పేవాళ్ళే లేరు. తిరుపాలమ్మకు అన్నం సయించనివ్వని బాధ అదే.

"కడాకు ఒకటి అడగాల అక్కా. మెసేజ్ పంపడం వస్తాదా? వస్తే పంపి చూపియ్యాల."

ఇది ఫోను కాదు గదా అనుకుని, తిరుపాలమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని టాబ్ అందుకుంది. కరుణమ్మ చూపించిన చోట వేలు పెట్టి మాట్లాడింది. "కేసు రాజీ అయిపోయింది. ఇంక నిన్ను ఎవురూ ఏమీ అనరు. శానా దినాలాయ. రా."

"నెంబరు లేకుండా పోదక్కా," అంది కరుణమ్మ. అంతలోనే రెండు టిక్కులు పడి నీలంగా మారాయి. మెసేజ్ పంపడం వచ్చు అని నింపుకుని ఆ పిల్ల పక్కింటికి పోయింది.

కొన్నాళ్ళకు, మిట్టమధ్యాహ్నం, అరుగు మీది ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్‌లో ఉంది. "ఏందిది?" అంటూ రెండు పార్టీలవాళ్ళూ తలలెత్తి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత తిరుపాలమ్మ కోసం చూశారు. ఆమె రోడ్డు వైపు చూడటం లేదు. చేట పక్కన పెట్టి చెంబుతో నీళ్ళు ముంచుతోంది. వాకిట్లో, జుట్టు నిండా సిమెంటు దుమ్ముతో, ఓబులేసు నిలబడి ఉన్నాడు.

"యాడుంటివి ఇన్నాళ్ళు?"

"చిలమకూరులో. సిమెంటు మూటలు మోస్తాంటి."

బస్సెక్కితే గంట ప్రయాణం. తిరుపాలమ్మ చెంబు పట్టుకుని అక్కడే ఏడ్చింది.

ఆ తర్వాత ఊళ్ళో సిగ్నల్ లేదు. టవర్ కావాలని అడగడానికి రెండు వీధులవాళ్ళూ గొణుక్కుంటూనే ఒకే జీపెక్కి జమ్మలమడుగు పోయారు. నెట్టు ఉందని రాసిన ఊళ్ళో నెట్టే లేదు, లెక్క తప్పిందని పై అధికారులు చీవాట్లు పెడితే కరుణమ్మ మళ్ళీ వచ్చింది. ఖాళీ అరుగు మీద తిరుపాలమ్మ కాయలు ఒలుస్తోంది.

"మళ్ళా మొదట్నుంచీ అడగాల అక్కా. ఇంట్లో ఎంతమంది?"

లోపల ఎవరో దగ్గారు.

"అప్పుడే చెప్తి గదా పాపా, ఇద్దరమని."