కుడి చెవి

మా సావెత ఎడమ చెవి పెళ్ళయిన రెండో ఏడే పోయింది. మొగుడు నిస్తోర్ చేతి దెబ్బ. ఇక కుడి చెవే మిగిలింది.

ఐర్లాండులో ముసలివాళ్ళను చూసుకునే పని రావాలంటే సోమవారం ఇంగ్లీషు విని జవాబు చెప్పే పరీక్ష నెగ్గాలి. నెగ్గితే నా చెల్లెలు ఆ ఇంట్లోంచి బయటపడుతుంది. మా భాషలో ఇకారం ఒక్కటే, పొట్టీ పొడుగూ లేవు. ఓడ షిప్పట, గొర్రె షీపట. నేర్చుకునేవాళ్ళందరికీ రెండూ ఒకటే. సావెత మాత్రం టీచరమ్మ పెదవులు చూసి చెప్పేసేది. అది కనిపెట్టి ఆవిడ నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి సావెత ఫోనులో ఇంగ్లీషు పాఠాలు పెట్టి, తీగ కుడి చెవిలో పెట్టుకునే పనులు చేసేది.

"అన్నా, గొర్రె కొంచెం సాగుతుందిరా!" అని మొన్న నవ్వింది.

క్రిస్మస్ పందిని కోసే రోజు నేనూ, పొరుగింటి జహారియా పందిని పడేసి పట్టుకున్నాం. నిస్తోర్ తల్లి పరాస్కివ ఏటా అనే మాటే అంది: "జాలిపడేవాళ్ళు అవతలికి పోండర్రా. జాలిపడితే ప్రాణం ఒక పట్టాన పోదు."

నిస్తోర్ కత్తి దించాడు. నెత్తురు పట్టడానికి గిన్నె తెమ్మని కేకేశాడు. సావెతకు వినపడలేదు.

"ఏమే చెవిటిదానా, అప్పుడే దొరసానివైపోయావా?"

వెళ్ళి తీగ పీకి, కత్తి పిడితో ఆ చెవిమీదే కొట్టాడు. "ఇప్పుడు వినవే, నీ ఓడలూ గొర్రెలూ!"

ఆమె బావి గట్టుమీద పడింది. చెవిలోంచి నెత్తురు మెడమీదికి కారింది.

మేం పందిని వదిలేశాం. అది తెగిన గొంతుతో నేలమీది మంచునంతా ఎర్రబరుస్తూ కంచెదాకా పరిగెత్తి కూలింది.

నిస్తోర్ కత్తి విసిరితే నా అరచెయ్యి చీలింది. జహారియా పలుగుతో వాడి మోకాలు విరగ్గొట్టాడు. నేను వాడి మణికట్టుమీద మడమ వేసి తొక్కాను. ఎముక చిట్లింది.

"ఈ చేత్తోనేనా బావా?"

"తప్పయింది బావా, వదిలెయ్! అమ్మా!"

పరాస్కివ కొడుకును చూసింది. కోడలి మెడ చూసింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మేం ఆగలేదు.

వాడి కేకలు అణిగాక సావెత పక్కన కూర్చున్నాను. నెత్తురు చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, కుడి చెవి దగ్గర గట్టిగా "షీప్" అన్నాను.

ఆమె నా చేతికేసే చూస్తోంది.

"చెయ్యి తియ్యన్నా, ఏమంటున్నావో కనపడటం లేదు."