మాట మోసే పిల్ల

నాకు నోరెక్కువ. పాడేరు మెయిన్ రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆడదానికి నోరు లేకపోతే కుర్రాళ్లు కుర్చీలతో సహా ఎత్తుకుపోతారు. అలాంటి వరలక్ష్మి నోరు మూయించిన మనిషి ఈ ఏజెన్సీ మొత్తంలో ఒక్కతే. నా దగ్గర పనిచేసే కొండపిల్ల నీలవేణి.

రెండువేల ఎనిమిది నాటి సంగతి. కాఫీ రైతుల సంఘం ఒకటి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టుకుని, దాన్ని చూసుకునే పని మా సెంటర్‌కి ఇచ్చింది. ఎవరేం రాసినా ముందు నీలవేణి చూడాలి, ఆమె సరేనంటేనే అందరికీ కనబడుతుంది. తిట్టు ఉన్నచోట కంప్యూటరే చుక్కలు పెట్టేస్తుంది. చుక్కలు మరీ ఎక్కువైతే మొత్తం కొట్టేయమని సంఘం పెద్దల ఆర్డరు.

ఆ రోజు సంత. బుధు అనే కొండరైతు విసురుగా వచ్చి కూర్చుని, కీబోర్డు పగులుతుందా అన్నట్టు టకటకా కొట్టి, లేచి మూల బల్ల మీద కూలబడ్డాడు. అతను రాసింది నీలవేణి తెర మీదికి వచ్చింది. నేనూ తొంగిచూశాను. సంఘం జీపు డ్రైవర్ ధనరాజు పేరు ఒక్కటే కనిపిస్తోంది. మిగతావన్నీ చుక్కలే!

"ఏటే గుంటా, ఇంకా సూత్తన్నావు? బేగి కొట్టేయ్! ఆ ధనరాజు సూసినాడంటే నా సెంటర్ మూయించేత్తాడు" అని కేకలేశాను.

"ఆగమ్మా. సుక్కల ఎనకాల ఏటుందో సూడాల" అంది తాపీగా.

వాళ్ల ఊళ్లో ఇద్దరికి తగువొస్తే ఒకరితో ఒకరు మాట్లాడరట. మాట మోసే మనిషి ఒకరుంటారు. నీలవేణి అమ్మమ్మ సోములమ్మది అదే పని. ఇటువైపు వాళ్లు ఎంత బూతు తిట్టినా చెవి మూసుకోకుండా చివరిదాకా వినాలి. అటువైపుకి అసలు సంగతి మాత్రమే చేర్చాలి. ఆ పద్ధతి పట్టుకొచ్చి నా కంప్యూటర్ల మధ్య పెట్టింది ఈ పిల్ల!

బుధు దగ్గరికెళ్లి నిలబడింది. "అన్నా, రాసింది నోటితో సెప్పు."

"ఛీ! ఆడగుంట ముందరా?"

"సెప్పు. నేనింటాను."

మొదలుపెట్టాడు. అబ్బబ్బ, ఏం తిట్లు తల్లీ అవి! నెట్ చూసుకుంటున్న కుర్రాళ్లు తలలు దించుకున్నారు, నాకే చెమటలు పట్టాయి. నీలవేణి కదల్లేదు. అతను ఆగినప్పుడల్లా "ఇంకా సెప్పన్నా" అంటోంది. ఎంత కోపిష్టికైనా ఎన్ని తిట్లు వస్తాయి గనక? అయిపోయాయి. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"జీపు గెడ్డ నీళ్లు దాటించనంటన్నాడు. నిరుడు నా పెళ్లాం సిన్నమ్మల్ని నొప్పులొత్తే డోలీ కట్టి మోసుకొచ్చినాం. తోవలోనే బిడ్డ పోనాది. మళ్లీ దానికి నెలలు నిండిపోనాయి. ఈపాలి అది కూడా పోతే నేనేటైపోవాల?" అని భోరుమన్నాడు.

"ఇది రాయనేదేటన్నా?"

"ఆడితో సెప్పడానికే నోరు రానేదు. తిట్లే వచ్చినాయి."

నీలవేణి ఆ నాలుగు ముక్కలే టైపు చేసి, అతనికి చదివి వినిపించి, సరేనన్నాక పేజీలో పెట్టింది. అక్కడితో ఊరుకుందా? అదే మాట ఒక కాగితం మీద రాసుకుని సంఘం ఆఫీసుకి నడిచింది. నా కాళ్లు మాత్రం ఆగుతాయా, సెంటర్ వదిలేసి వెనకే పరిగెత్తాను. ఆ పిల్లని చూస్తే ఆ రోజు నాకు దండం పెట్టాలనిపించింది, నిజంగా.

ధనరాజు జీపు తుడుచుకుంటున్నాడు. ఆమె చదివింది విని గుడ్డ పక్కన పడేశాడు.

"పొద్దున్న ఇక్కడే నా అమ్మనీ అబ్బనీ ఏకిపారేసినాడు. ఈ మాట ఒక్కటి సెప్పుంటే నేను రానంటానా?" అన్నాడు. జీపు తలుపు తీస్తూ అడిగాడు. "మళ్లీ తిట్టినాడా?"

"తిట్టినాడు. అయ్యి నాకాడ ఆగిపోనాయి. నీకు రావు" అంది నీలవేణి.

ధనరాజు జీపెక్కి తాళం తిప్పాడు.

"గెడ్డలో నీళ్లున్నాయి, తోవ సూపించే మనిషి కావాల. బుధుని బేగి వచ్చి ముందు సీట్లో కూకోమను" అన్నాడు.

పొద్దు వాలకముందే చిన్నమ్మలు పాడేరు ఆసుపత్రి ముందు జీపు దిగింది. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క ధనరాజు పట్టుకున్నారు.