ఉప్పునీళ్లలో కత్తిపీట

రాఘవేందర్ గుండె ఆగి చనిపోయిన నెల రోజులకు, అతనితో పనిచేసే శాంతికుమార్ మల్కాజ్‌గిరిలోని అతని ఇంటికి వచ్చాడు. చేతిలో పాత పేపరులో చుట్టిన పొట్లం.

"అన్న లాకర్ల దొరికింది వదినె. మీ పేరు రాసి పెట్టిండు."

రాఘవేందర్ భార్య ఊర్మిళ పొట్లం విప్పింది. కత్తిపీటకు బిగించే స్టీలు బ్లేడు. బూడిదరంగులో ఉంది.

అలాంటిదే ఒకటి వంటింట్లో ఉంది. లాలాగూడ దగ్గరి షెడ్డులో రాఘవేందర్ నైట్రైడింగ్ కొలిమి చూసేవాడు. గేర్లకు నైట్రోజన్ పట్టించి పైపొరను గట్టిపరచే పని. ఇంట్లో కత్తిపీట మాటిమాటికీ మొద్దుబారుతోందని ఒకనాడు దాని బ్లేడును కూడా గేర్లతోపాటు ఐదువందల యాభై డిగ్రీల వేడిలో పెట్టాడు. తెచ్చిచ్చిన రోజు దానిమీద ఆకురాయి కూడా జారిపోయింది. వారం తిరగకుండానే మామిడికాయ పులుపు తగిలిన చోటల్లా ఎర్రగా తుప్పు.

"తుప్పు పట్టని స్టీలుకు తుప్పు పట్టించిన మొనగానివి నువ్వే!" అని ఊర్మిళ ఆరేళ్లు దెప్పింది. చుట్టాలొస్తే తీసి చూపించింది.

అతను నవ్వేవాడు. "వేడి ఎక్కువైందే. తుప్పునాపే క్రోమియాన్ని నైట్రోజన్ గుంజుకున్నది. జెర తక్కువ వేడిల చేస్తే గట్టిగ ఉంటది, తుప్పు సుత పట్టదు. చేసి చూపిస్త, ఆగు."

"ఈ కొత్త బ్లేడును నాలుగొందల యాభై డిగ్రీలు దాటనియ్యలే," అన్నాడు శాంతికుమార్. "రోజున్నర కొలిమి కాడనే కూసున్నడు. మీ పెళ్లిరోజుకు ఇద్దామని దాచిండు. 'మీ వదినెను నాలుగు రోజులు ఉప్పునీళ్లల్ల పెట్టి చూడుమను, మచ్చ పడితె అప్పుడు తిట్టుమను' అన్నడు."

అతను వెళ్లగానే ఊర్మిళ గిన్నెడు నీళ్లలో ఉప్పు కలిపి బ్లేడును ముంచింది. రోజూ తాను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే, చెప్పులైనా విడవకుండానే, దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసేది. ఒక్క మచ్చ పడితే చాలు, అతన్ని మళ్లీ ఒకసారి తిట్టవచ్చు.

నాలుగు రోజులైనా పడలేదు. ఇంకో గుప్పెడు ఉప్పు వేసింది. పదోనాటికి గిన్నెలో నీళ్లు ఇగిరి, బ్లేడుమీద ఉప్పు తెల్లగా పేరుకుంది. కొంగుతో తుడిచింది. కింద ఎక్కడా మరక లేదు.

"నువ్వే గెలిచినవ్," అంది, వంటింట్లో నిలబడి. 

కొత్త బ్లేడును మళ్లీ ఆ పేపరులోనే చుట్టి పెట్టింది. పాత కత్తిపీట ముందు కూర్చుని, తుప్పు గీకి, నూనె రాసింది.

"తుప్పు పట్టని స్టీలుకు..." అని మొదలుపెట్టింది. 

సగంలోనే ఆపి, రాసిన చోటే మళ్లీ నూనె రాసింది.