కుట్టని ఈగలు

నాకు ముక్కు మీదే కోపం. మా ఊళ్లో ఎవర్ని అడిగినా ఈ మాట చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. అందుకే తేనెటీగల ప్రాజెక్టు కోటేష్ మా మహిళా సంఘం మీటింగుకు వచ్చి "కొత్త రకం రాణి ఈగలు వచ్చాయక్కా, వీటి పిల్లలు మనుషుల్ని కుట్టవు, మీ పెరటి పెట్టెల్లో పెట్టి చూడాలి" అనగానే ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు.

"ముందుగాల పుష్పలతకియ్యి సారూ. ఆ ఇంట్ల కుట్టనిది ఒక్కటన్న ఉండాలె గద" అంది సుజాత.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వి చాలా కాలమైందని ఇంటికి వచ్చాక గాని గుర్తు రాలేదు.

మా ఊరు పర్ణశాల దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. మా పెరట్లో జామచెట్టు కింద ఒక తేనెపెట్టె ఉంది. అందులోని ఈగల్ని మా ఆయన రాంబాబు మద్దిచెట్టు తొర్రలోంచి తెచ్చాడు. వట్టి చేతులతో తీసి పెట్టెలో పెట్టాడు, ఒక్కటీ కుట్టలేదు. పోయిన మృగశిర కార్తెలో, తొలివానలప్పుడు, ఆయన గుట్టతేనె కోయడానికి పోయి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆ ఈగలకు పిచ్చెత్తింది. గేదెను కుట్టాయి, పక్కింటివాళ్లను కుట్టాయి, నీళ్లు పోసే నన్నూ కుట్టాయి.

ఆయన ఎలా మాయమయ్యాడో చెప్పాలి. మావాళ్లలో నడుముకు ఉచ్చు వేసుకుని తేనెకు గుట్ట దిగే మనిషి తాడును అతని బామ్మర్దే పట్టుకోవాలి. అన్నదమ్ములు పట్టకూడదు. అన్నదమ్ములకు భూమి మీద ఆశ ఉంటుందేమోగాని, బామ్మర్దికి తన అక్క బొట్టు చెరగకూడదనే భయమే ఉంటుందని పెద్దల మాట. ఆ రోజు అడ్డతీగ నారతో పేనిన తాడు నా తమ్ముడు జంపయ్య పట్టుకున్నాడు. సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. మొహం గుమ్మడికాయలా వాచి ఉంది, భుజాన తాడు ఉంది.

"తాడు అల్కగైందక్కా. గుంజి చూస్తే ఉచ్చు ఖాళీగ వచ్చింది. బావనే ఇప్పుకున్నడు. అంతకన్న నాకు ఎరుక లేదు" అన్నాడు.

గుట్ట కింద వాగు పొంగి ఉంది. పోలీసులు, ఫారెస్టువాళ్లు, ఊరంతా గోదావరి దాకా వెతికారు. కనీసం చెప్పు కూడా దొరకలేదు. బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి చుట్టాలు దినాలు చేద్దామని మొదలుపెట్టారు. నేను ఎగిరిపడ్డాను.

"ఉచ్చు ఖాళీగ వచ్చిందంటే ఇప్పుకున్నట్టే గద. చేతులాడే మనిషికి దినాలేంది? మీకు బువ్వలు గావాలంటే జెప్పుండ్రి, వండి పెడ్త!"

నా నోటికి జడిసి ఎవరూ మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. జంపయ్య మా గడప తొక్కడం మానేశాడు. నా కాలి మెట్టెలు అలాగే ఉన్నాయి. ఆయన బతికే ఉన్నాడు, ఎక్కడో ఒకచోట ఉన్నాడు. నాకున్నది ఆ ఖాళీ ఉచ్చు ఒక్కటే, దాన్నే పట్టుకుని వేలాడాను.

దసరా వెళ్లాక కోటేష్ కొత్త రాణిని తెచ్చాడు. అతనిది మధిర, మెత్తటి మాట. రాణి చిన్న జాలీ డబ్బీలో ఉంది. డబ్బీ మూతికి పంచదార ముద్ద పెట్టి ఉంది.

"ఈగలు ఈ ముద్ద తినుకుంటూ లోపలికి వచ్చేలోపు దీని వాసనకు అలవాటు పడతాయక్కా. అప్పుడు దీన్ని చంపకుండా రాణిగా ఒప్పుకుంటాయి. పాత రాణిని మాత్రం ముందే తీసెయ్యాలి."

"తీసేసుడంటే?"

అతను పెట్టెలోంచి తేనెపట్టున్న ఫ్రేము ఎత్తి, వెతికి, పాత రాణిని బొటనవేలి గోటి కింద నలిపేశాడు. చిన్న చప్పుడైంది.

"నెలన్నర తిరిగేసరికి పాత ఈగలన్నీ వయసైపోయి రాలిపోతాయి. పెట్టె నిండా దీని పిల్లలే ఉంటాయి" అన్నాడు.

"అంటే మా ఆయన్ను చూసిన ఈగ ఒక్కటి గూడ ఉండదా?"

కోటేష్ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. "ఉండదక్కా" అన్నాడు.

మా అత్త భీమక్క అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. కొడుకు పోయినప్పట్నుంచి ఆమె మాట్లాడడం తగ్గించింది.

చలి ముదిరేసరికి పెట్టె మారిపోయింది. పెట్టె అదే, గుమ్మం అదే, లోపలి మోత మాత్రం వేరు. మునుపటి ఈగలది సంత గోల. ఇవి ఎవరో పక్కగదిలో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టు మోగేవి. కోటేష్ వచ్చి గుణం చూసే పరీక్ష నేర్పాడు. నల్లగుడ్డ ఉండచుట్టి, దారానికి కట్టి, పెట్టె గుమ్మం ముందు ఊపాలి. గుడ్డకు ఎన్ని ముళ్లు దిగితే అంత చెడ్డ రకం అన్నమాట. ఊపి ఊపి నా చెయ్యి నొప్పి పుట్టింది. గుడ్డకు ఒక్క ముల్లూ దిగలేదు.

"అబ్బ, బంగారం అక్కా ఇవి!" అని కోటేష్ మురిసిపోయాడు.

బంగారమే. సుజాత ఇంట్లోనూ అవే ఈగలు, చక్కగా జామాయిల్ పూల మీదికి పోయి వచ్చేవి. మా ఇంట్లోవి మాత్రం ఇంట్లోకి రావడం మొదలుపెట్టాయి.

మొదట దండెం మీద ఆయన చొక్కాకు పట్టాయి. తీపి తగిలిందేమో అనుకుని దులిపాను. తర్వాత ఆయన నులకమంచానికి తలవైపు పట్టాయి. ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేసరికి గోడ మీద మనిషి ఉన్నాడు.

ఓయమ్మా అని అరిచాను. ఆయన రోజూ పనినుంచి వచ్చి ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. చెమటకు సున్నం మీద నల్లమరక పడింది, రెండు భుజాలు, నడుము, తల ఆనే చోటు. ఆ మరక మీద ఈగలు పట్టి ఉన్నాయి. మరక ఎంత ఉందో అంతే, అంచు దాటి ఒక్కటీ లేదు. రెక్క కదపడం లేదు, మోత లేదు. చీపురు తీసుకుని కొట్టాను. లేచాయి, నా మొహం పక్కనుంచే పోయాయి, కుట్టలేదు. మళ్లీ వెళ్లి అక్కడే సర్దుకున్నాయి.

మా అత్త పక్కనే కూర్చుని జావ తాగుతోంది. ఆమెకు భయమూ లేదు, ఆశ్చర్యమూ లేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"అత్తా, ఏం జేసినవ్?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "కొత్త కోడలొస్తే ఇంటి పెద్దలకు సూపిస్తం గద బిడ్డా. గా రాణి గూడ కోడలే గద. ఇంటోని మొకం సూడకుండ ఎట్ల కాపురం జేస్తది?"

నేను పరుగున వెళ్లి పెట్టె మూత ఎత్తాను. ఫ్రేముల మీద రాంబాబు తలగుడ్డ పరిచి ఉంది. ఉతకనిది. ఆ రోజు కోటేష్ అటు పోగానే ఈమె ఇటు పరిచేసింది. రాణి ఆ వాసనలోనే గుడ్లు పెట్టింది, పిల్లలన్నీ ఆ వాసనలోనే కళ్లు తెరిచాయి. గుడ్డ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది, మనిషి ఇప్పుడే తీసి పెట్టినట్టు.

"మరి ఇంట్లకొచ్చి ఏం జేస్తున్నయ్ అవి?" అని అడిగాను.

"దేవులాడుతున్నయ్" అంది అత్త.

తిట్టాలి కదా, తిట్టలేదు. ఒళ్లు జలదరిస్తూనే ఉంది, అయినా లోపల ఎక్కడో సంతోషం వేసింది. వెతుకుతున్నాయంటే దొరకడానికి మనిషి ఉన్నట్టే కదా! చీపురు మూలన పెట్టేశాను. తలుపులు తీసి ఉంచాను. పొద్దున లేవగానే గోడవైపు చూసేదాన్ని. ఆ ఆకారం ఉంటే ఆయన ఉన్నట్టే ఉండేది. అన్నం తింటూ దానితో మాట్లాడాను కూడా. పిచ్చిదంటే అనుకోండి, నాకేం సిగ్గు లేదు.

మామిడి పూత మీద ఉండగా జంపయ్య వచ్చాడు. చుట్టాలే పంపారు. భుజాన అడ్డనార తాడు చుట్ట ఉంది. పోయిన మనిషి తాడును బామ్మర్ది తెచ్చి ఇంట్లో ఇవ్వాలి, దినాల నాడు బట్టలతో పాటు దాన్నీ కాల్చాలి. అది చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఎవడు రమ్మన్నడ్రా నిన్ను? తాడు దెస్తివా? మా ఆయన వచ్చి అడుగుతడు, గప్పుడియ్యి!"

"అక్కా, ఏడాది దగ్గరవడుతుంది. దినాలు జేద్దాం. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. వాడు సగమైపోయి ఉన్నాడు. తాడు చుట్టను రెండు చేతులతో నా ముందుకు చాపాడు. ఉచ్చు కిందికి వేలాడుతోంది.

లోపలి గోడ మీదినుంచి ఈగలు లేచాయి. మోత లేకుండా గుమ్మం దాటి వచ్చాయి. జామచెట్టు కింది పెట్టెలోంచి కూడా వచ్చాయి. ఉచ్చు మీద వాలాయి. క్షణంలో ఉచ్చు నల్లబడి లావెక్కింది, లోపల నడుము ఉన్నట్టే గుండ్రంగా నిలబడింది.

"అక్కా..." అన్నాడు జంపయ్య.

ఈగలు ఉచ్చు మీదినుంచి తాడు వెంట పైకి నడవడం మొదలుపెట్టాయి. ఎగరడం లేదు, నడుస్తున్నాయి. ఒక్కో చుట్టూ దాటుకుంటూ వాడి చేతుల దాకా వచ్చాయి. వేళ్ల సందుల్లోంచి దూరాయి. వాడి మోచేతి మీద ఒక్కటీ లేదు, మొహం మీద ఒక్కటీ లేదు. అరచేతుల్లోనే పోగుపడ్డాయి. తాడు జారి కింద పడింది. దాన్ని వదిలేశాయి గాని అరచేతుల్ని వదల్లేదు.

మా అత్త అరుగు మీదినుంచి లేచి వచ్చింది.

"జంపా, ఆ సేతులు ఏం జేసినయో సెప్పు బిడ్డా" అంది. తిట్టినట్టు కాదు, జ్వరం వచ్చిన వాణ్ని అడిగినట్టు అడిగింది.

వాడు నిలబడ్డచోటే ఏడ్చాడు.

"ఇడిసినయ్ అత్తా. గుట్ట ఈగలు నా మొకం మీద పడ్డయ్. రెండు సేతులు మొకానికి అడ్డం బెట్టుకున్న. గంతే. రెప్పపాటు గూడ గాదు."

నేను కింద పడ్డ తాడు వైపు చూశాను. "మరి ఖాళీ ఉచ్చు?"

"కిందికి ఉరికిన అక్కా. బావ బండ మీద ఉన్నడు. ఉచ్చు నేనే ఇప్పిన. మనుషులను పిలుద్దమని పోయిన, ఎవరు దొరకలే, వచ్చేసరికి వాగు లేసి బావను గుంజకపోయింది."

"ఊపిరి ఉండెనా?"

"లేదక్కా. లేదు. నీ మొకం చూసినంక నా నోట్లెకెళ్లి గదే మాట వచ్చింది. నువ్వు దాన్ని గంత గట్టిగ పట్టుకుంటవనుకోలే."

వాడి చేతుల్లోని ఈగల్నే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు కుడతాయి అనుకున్నాను. కుట్టాలి. ఇన్నాళ్లూ వెతికినవి, దొరికించుకున్నవి, ఇప్పుడు కుట్టక ఏం చేస్తాయి?

"కుట్టుండ్రే! కుట్టుండ్రి! చూస్తరేంది!" అని అరిచాను.

అవి లేచాయి. నెమ్మదిగా, సంత ముగిసి ఇళ్లకు పోయినట్టు, పెట్టెలోకి వెళ్లిపోయాయి. జంపయ్య అరచేతులు ఎర్రగా కూడా కాలేదు. ఆ తర్వాత ఒక్క ఈగ కూడా గోడ మీద వాలలేదు. అక్కడ మరకే మిగిలింది.

దినాలు చేశాం. తాడు కాల్చాం, చొక్కా కాల్చాం, తలగుడ్డ మా అత్తే తీసి మంటలో వేసింది. నా మెట్టెలు నేనే తీసుకున్నాను.

ఇప్ప పూలు రాలే రోజుల్లో కోటేష్ పరీక్ష ఫలితం అడగడానికి వచ్చాడు. పెట్టె తెరిచి చూసి మురిసిపోయాడు. "అన్ని ఇళ్లలోకీ మీదే ఫస్టక్కా. తేనె ఉంది, రోగం లేదు, గుణం బంగారం. వచ్చే ఏడు ఊరంతా ఈ రకమే పెడదామా?"

నేను జామచెట్టు వైపు చూశాను. జంపయ్య రోజూ వస్తాడు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను, అన్నం మాత్రం పెడతాను. పెట్టె ముందు గొంతుక్కూర్చుని రెండు అరచేతులూ గుమ్మానికి ఆనించి పెడతాడు. ఈగలు ఆ చేతుల మీదుగా నడిచి పూలకు పోతాయి, నడిచి తిరిగొస్తాయి. ఒక్కటైనా కుడుతుందేమోనని పొద్దు వాలేదాకా చూసి లేచిపోతాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు.

"ఊరికి ఏమన్న జెయ్యి సారూ. నా పెట్టెల రాణిని మాత్రం తీసుకపో" అన్నాను. "కుట్టే రాణి ఉంటే తెచ్చియ్యి."

"అదేంటక్కా! కుట్టేవి మీకెందుకు?"

"నాకు గాదు" అన్నాను. "మా తమ్మునికి."