ఖాళీలు లేని షెడ్డు

బొయాచి మేస్త్రీ షెడ్డులో ఖాళీలు లేవని, ఆయన ఎవర్నీ కొత్తగా తీసుకోవడం లేదని బళ్ళ షెడ్లన్నీ ఉండే సుఆమె పేటలో మేం అడిగిన ప్రతివాడూ చెప్పాడు. అడగందే అమ్మైనా పెట్టదు, ఆయనేమో అమ్మ కూడా కాదాయె, పోయి అడుగుదాం పదవే అన్నాను నా చెల్లెలి కూతురు అఫ్రియేతో. ఒబువాసి ఊళ్ళో ఏళ్ళ తరబడి మినీబస్సుల బాడీ వెల్డింగు నేర్చుకుని, శిష్యరికం ముగిసిన రోజున, మా ఆనవాయితీ ప్రకారం తల మీద పౌడరు పోయించుకుని మరీ బయటికొచ్చిన పిల్ల అది. దాన్ని చూస్తే నాకు గర్వం. దాచుకోవడం నాకు చేతకాదు.

ఆ శనివారం నేను ఒకరి అంత్యక్రియలకు వెళ్ళాలి, అందుకని ఎర్రబట్ట, నల్లబట్ట కట్టుకునే ఉన్నాను. షెడ్డు దారిలోనే కదా అని పిల్లను వెంటబెట్టుకుని బయలుదేరాను. కానుకగా ఇవ్వడానికి సంచిలో జిన్ను మందు సీసా పెట్టుకున్నాను. పెద్దమనిషి దగ్గరికి చేతులూపుకుంటూ ఎవరైనా వెళ్తారా?

మేం గేటు దాటేసరికి లోపల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఒక కుర్రాడు బస్సు కిందికి దూరాడు. ఇంకొకడు గ్యాస్ సిలిండర్ల వెనక్కి జారుకున్నాడు. చూస్తుండగానే షెడ్డంతా ఖాళీ అయింది.

మేస్త్రీ మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. వచ్చినవాళ్ళు నీళ్ళు తాగందే వచ్చిన పని అడగకూడదు కాబట్టి ఆయన అడగలేదు. నేనేమో ఎండన పడి వచ్చానని తీరిగ్గా తాగాను.

"ఇక్కడంతా చల్లగానే ఉంది. దారి నడిచొచ్చింది మీరు," అన్నాడు, వచ్చిన పని చెప్పమనే పద్ధతి ప్రకారం. ఆ వెంటనే పద్ధతి మర్చిపోయాడు. "ఎవడో చెప్పక్కా చాలు. పెళ్ళన్నా చేసుకుంటాడు, లేదా కాళ్ళన్నా విరగ్గొట్టించుకుంటాడు."

"ఎవడేంటయ్యా?"

"పిల్లకి ఎన్నో నెల?" అన్నాడు గొంతు తగ్గించి.

పెళ్ళికాని పిల్ల, పక్కన పెద్దమ్మ, ఒంటి మీద చావుబట్ట. మా కుమాసిలో కుర్రాళ్ళు పనిచేసే చోటికి ఇలా వచ్చారంటే ఇంకో అర్థం ఎవరికి తడుతుంది? నవ్వాలో తిట్టాలో తెలియక తిట్టేశాను.

"నీ నోట్లో మన్నుపొయ్య! పిల్ల పని కోసం వచ్చిందయ్యా! వెల్డరది!"

మేస్త్రీ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నవ్వి, "లేదక్కా. ఉన్నవాళ్ళకే పని చాలడం లేదు," అన్నాడు.

నేను సీసా బయటికి తీశాను. ఆయన ముఖం మెత్తబడింది. "ఇంతదూరం వచ్చారు గదా. సరే, శిష్యురాలిగా చేరమను," అంటూ చెయ్యి చాపాడు.

అఫ్రియే నా మణికట్టు పట్టుకుంది.

"ఇవ్వకు పెద్దమ్మా. సీసా పుచ్చుకుంటే శిష్యరికం ఖాయమైనట్టే, నేను మళ్ళీ మొదట్నించీ శిష్యురాలినే. ఆ ముచ్చట అయిపోయింది నాకు. నేనొచ్చింది పనికి."

"నోర్ముయ్యవే. ఇదైనా దొరికింది, సంతోషించు."

"వద్దు. కావాలంటే ఇంటికెళ్ళిపోదాం."

నాకు ఒళ్ళు మండింది. అంత మంటలోనూ, ఇది మా ఇంటి పిల్లే అనిపించింది. సీసా సంచిలో పెట్టేశాను.

లేచి నిలబడ్డామో లేదో, బస్సు డ్రైవరొకడు వచ్చి మేస్త్రీ మీద పడ్డాడు. "నా బండి తలుపు సగం వేలాడేసి నీ కుర్రాళ్ళు ఏ కలుగులో దూరారు? కెజేటియా స్టాండులో నా వంతు పోతోంది!"

మేస్త్రీ కేకేశాడు. ఎవడూ రాలేదు. బస్సు కిందనుంచి మాత్రం సన్నగా ఒక గొంతు వినబడింది. "ఆవిడ వెళ్ళిపోయిందా మేస్త్రీ?" ఎవరి భయం వాళ్ళది కాబోలు.

"మీ దగ్గర ఖాళీ లేదన్నారు, సరే," అంది అఫ్రియే. "ఆ తలుపు దగ్గర మాత్రం ఎవరూ లేరు. చెయ్యనా?"

మేస్త్రీ డ్రైవరు వైపు చూసి, తల ఊపాడు.

అది గౌను అంచు మడిచి ముడేసుకుని, ముఖానికి షీల్డు అడ్డం పెట్టుకుంది. వంకరగా అతికించిన మడతబందును కోసేసి, తలుపును మోకాలితో ఎత్తిపట్టి, సరిచూసి, రాడ్డు అంటించింది. నిప్పురవ్వలు లేచాయి. నేను బెంచీ మీదే కూర్చున్నాను. పోయినాయన ఆగుతాడు, ఆయనకిప్పుడు తొందరేముంది గనక.

కాసేపటికి కుర్రాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి వరసగా నిలబడ్డారు. డ్రైవరు తలుపు మూసి చూశాడు. ఒక్క వేలితో నెడితే చక్కగా మూసుకుపోయింది.

"ఎవరీ పిల్ల? కొత్త శిష్యురాలా?" అన్నాడు.

మేస్త్రీ వంగి, వేడి తగలనంత ఎడంగా అతుకు వెంబడే బొటనవేలు నడిపించాడు. మళ్ళీ వెనక్కి నడిపించాడు. తర్వాత కుర్రాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

"శిష్యురాలు కాదు. మా వెల్డరు."

నాకు కళ్ళు నిండిపోయాయి. అఫ్రియే షీల్డు తీసి, చెమట తుడుచుకుని, డ్రైవరు వైపు తిరిగింది.

"అతుకింకా వేడిగా ఉందన్నా. చల్లారేదాకా తలుపు గట్టిగా కొట్టకు. ఊడిందంటే నా పేరు పోతుంది."