అరగంట వరకే

రెండో తరగతి పిల్లలకి ఒక టర్మ్‌లో ఏమేం రావాలో చెప్పే కాగితం ఒకటుంటుంది. రెండంకెల తీసివేతలు, ఒత్తులున్న మాటలు, స్కేలుతో కొలవడం, ఆకుల్లో రకాలు, గడియారం. గడియారం పక్కనే ‘గంట, అరగంట మాత్రమే’ అని ఉంటుంది. ఆ కాగితం రాసిన మహానుభావుడెవరో గానీ నిమిషాల్ని మూడో తరగతికి దాచిపెట్టాడు. ఏడేళ్ల పిల్లలకి అరగంటకంటే చిన్న కష్టాలుండవనుకున్నాడు కాబోలు.

టీచర్ ఆ కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటించే మనిషి. అట్టపెట్టెలు కోసి, మధ్యలో గుండుసూది గుచ్చి, నలభై మందికీ నలభై గడియారాలు చేయించింది. సాయంత్రానికి సగం విరిగాయి. ఒకడైతే చిన్న ముల్లు నమిలేశాడు. అయినా వారం తిరిగేసరికి క్లాసంతా గంటలూ అరగంటలూ గడగడా చెప్పేస్తోంది.

ఆ నలభై మందిలో ఒక్క పిల్లే టీచర్ని దాటి ముందుకెళ్లింది. ఆ పిల్లని అందరూ గంటలమ్మ అనేవాళ్లు. వాళ్లమ్మ బడి వెనక కుట్టు షెడ్డులో చొక్కాలకి బొత్తాలు కుట్టేది. మూడున్నరకి బడి వదిలితే, అమ్మ బయటికొచ్చేదాకా పిల్ల షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో స్టూలు మీద కూర్చునేది. ఎదురుగా గోడ గడియారం. చూడ్డానికి ఇంకేముంది అక్కడ?

“ఐదో ఎక్కం వచ్చా?” అని అడిగాడట వాచ్‌మన్ ఒకరోజు. “అయితే నిమిషాలొచ్చినట్టే. పెద్ద ముల్లు ఏ అంకె మీదుంటే దాన్ని ఐదుతో హెచ్చవెయ్యి.”

అంతే. మర్నాటి నుంచి టీచర్ ప్రాణానికొచ్చింది. “టీచర్, పదకొండూ పది.” “టీచర్, బెల్లు ఐదు నిమిషాలు లేటు.” “టీచర్, మీరు అటెండెన్సు తీసుకునేసరికి తొమ్మిదీ ఇరవై.” టీచర్ కసురుకునేది గానీ లోపల మురిసిపోయేది. స్టాఫ్ రూములో పదిమందికీ చెప్పుకుంది. హెడ్‌మాస్టరు పిల్లని పిలిపించి, తన చేతి గడియారం చూపించి, జవాబు సరిగ్గా రాగానే ఒక చాక్లెట్ కూడా ఇచ్చాడు.

పరీక్షలు రెండు నెలలున్నాయనగా షెడ్డు అంటుకుంది.

ఆ రోజు అందరూ నాలుగింటికి వెళ్లిపోయారు. గంటలమ్మ తల్లి ఒక్కతే మిగిలిపోయిన చొక్కాలు పూర్తిచేద్దామని ఉండిపోయింది. గుడ్డ బయటికి పోకుండా బయటినుంచి తాళం పెట్టడం అక్కడి అలవాటు. సూపర్‌వైజరు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, ఎటో వెళ్లాడు. కత్తిరింపు గుడ్డల కుప్పలోంచి పొగ లేచింది. వాచ్‌మన్ తాళంచెవి కోసం పరుగెత్తాడు. గునపమో గొడ్డలో వెతికి తలుపు బద్దలుకొడదామన్న ఆలోచన ఆ కంగారులో ఆయనకి రాలేదు, లేదా యజమాని తలుపు విరగ్గొట్టే ధైర్యం చాల్లేదు. తాళం తీశాక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

పొగ చూసిన ఐదు నిమిషాల్లో తాళం తీశామన్నాడు యజమాని. సూపర్‌వైజరూ ఐదే అన్నాడు. వాచ్‌మన్ తల వంచుకుని ఐదే అన్నాడు. ఐదు నిమిషాలైతే అది ప్రమాదం, ఎవరి తప్పూ కాదు. ఐదు కాదన్నది ఏడేళ్ల పిల్ల ఒక్కతే. అది ఇరవై ఐదు అంటోంది.

మూడు వారాలకి విచారణ అధికారి బడికే వచ్చాడు. ఆ పొద్దున్నే హెడ్‌మాస్టరు టీచర్ని పక్కకి పిలిచాడు.

“మిమ్మల్ని అబద్ధం చెప్పమనట్లేదమ్మా. ఆ మాట నేనెందుకంటాను? కాగితంలో ఉన్నది చెప్పండి, చాలు. మన బడి కమిటీ ప్రెసిడెంటు ఎవరో మీకు తెలుసు. ప్రతి టర్మ్‌కీ మీ పోస్టు పొడిగిస్తూ సంతకం ఎవరు పెట్టాలో కూడా తెలుసు.”

కమిటీ ప్రెసిడెంటు షెడ్డు యజమానే. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడటంలో హెడ్‌మాస్టరుది ముప్పై ఏళ్ల అనుభవం.

గంటలమ్మని అమ్మమ్మ తీసుకొచ్చింది. ముసలామె గుమ్మం దగ్గరే టీచర్ చెయ్యి పట్టుకుంది. “దానికి గడియారం చూడ్డం వచ్చని మీకు తెలుసుగా తల్లీ. మీరొక్క మాట చెప్పండి.”

అధికారి చెడ్డవాడేం కాదు. పిల్లకి కుర్చీ వేయించి, మెల్లగా అడిగాడు. గంటలమ్మ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది.

“పొగ వచ్చినప్పుడు పెద్ద ముల్లు నాలుగు మీదుంది. ఐదు నాలుగులు ఇరవై. తాళం తీసినప్పుడు తొమ్మిది మీదుంది. ఐదు తొమ్మిదులు నలభై ఐదు.”

“మధ్యలో నువ్వేం చేశావమ్మా?”

“అక్కడే ఉన్నా. అమ్మ తలుపు కొడతా ఉంది. ముల్లు ఏడు మీదకి వచ్చేదాకా కొట్టింది.”

అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అధికారి టీచర్ వైపు తిరిగాడు.

“ఇవాళ గడియారం చూపిస్తే ఈ పిల్ల చెప్పేస్తుంది, నాకు అనుమానం లేదు. కానీ ఈ మూడు వారాల్లో ఎవరో కూర్చోబెట్టి నేర్పారంటారు షెడ్డు వాళ్లు. ఆ రోజుకి దీనికి నిమిషాలు తెలుసా, తెలీదా? అది చెప్పగలిగింది మీరే టీచర్ గారూ.”

హెడ్‌మాస్టరు కాగితం టీచర్ ముందుకి జరిపాడు. గడియారం అన్న చోట వేలు పెట్టి ఉంచాడు.

‘తెలుసు, నాకంటే బాగా తెలుసు, నాకే టైము చెప్పేది’ అనాలి టీచర్. ఆ నాలుగు మాటలూ గొంతు దాకా వచ్చాయి. వచ్చి ఆగిపోయాయి.

“గంట, అరగంట వరకే చెప్పామండీ. నిమిషాలు పై తరగతిలో ఉంటాయి.”

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే ఆమెకి ఆ తర్వాత చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు.

“అంటే ఆ రోజుకి రావన్నమాట,” అన్నాడు అధికారి.

టీచర్ అవుననలేదు, కాదనలేదు. కాగితం వైపు చూస్తూ కూర్చుంది. ఆ మౌనాన్ని ఆయన తనకి తోచినట్టు రాసుకున్నాడు.

“టీచర్,” అంది గంటలమ్మ, ఆశ్చర్యంగా. “నేను మీకు రోజూ చెప్పేదాన్నిగా? బెల్లు లేటని చెప్పానుగా? హెడ్‌మాస్టరు గారు నాకు చాక్లెట్ కూడా ఇచ్చారు!”

హెడ్‌మాస్టరు దగ్గాడు. “చిన్నపిల్లలండీ. అందరికీ ఇస్తూనే ఉంటాం చాక్లెట్లు.”

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ గదిలో ఎవరి పిడికెడు వాళ్లు తీసుకున్నారు. అమ్మమ్మ మాత్రం ఎవర్నీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మనవరాలి చెయ్యి పట్టుకుని, “పద బంగారం,” అని బయటికి నడిపించుకుపోయింది.

ఐదు నిమిషాలే ఖాయమయ్యాయి. షెడ్డు గోడలకి సున్నం కొట్టారు, మళ్లీ మిషన్లు మొదలయ్యాయి. టీచర్ పోస్టు మీద సంతకమూ పడింది.

గంటలమ్మ రోజూ బడికి వస్తూనే ఉంది. తీసివేతలు తప్పుల్లేకుండా చేస్తోంది. ఒత్తులన్నీ సరిగ్గా రాస్తోంది. బెల్లు ఎంత లేటైనా పెదవి విప్పడం లేదు. ఆ నిశ్శబ్దం టీచర్‌కి ముల్లులా గుచ్చుకునేది. ఏ రోజైనా మళ్లీ “టీచర్, లేటు” అంటుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చునేది.

టర్మ్ చివర నోటి పరీక్ష. ఒక్కొక్కళ్లూ టేబుల్ దగ్గరికి రావాలి, టీచర్ అడగాలి, కాగితం మీద టిక్కు పెట్టాలి. గంటలమ్మ వంతు వచ్చింది. ఈ పిల్ల కాగితంలో మాత్రం నిమిషాలు కూడా వచ్చని రాసెయ్యాలని టీచర్ ముందే నిశ్చయించుకుంది. ఇప్పుడు రాసి ఎవరికి లాభమో ఆమెకే తెలీదు. అయినా రాయాలి. ఆ పిల్ల నోటితో ఒక్కసారి వినాలి, తన చేత్తో రాయాలి.

“అదిగో, గోడ మీద గడియారం,” అంది, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని. “టైమెంతయిందమ్మా? నిమిషాలతో సహా చెప్పు.”

గంటలమ్మ గోడ వైపు తిరగలేదు. చేతులు కట్టుకుని, టీచర్ మొహంలోకే చాలాసేపు చూసింది. తర్వాత, ఎత్తిపొడుపేమీ లేకుండా, బుద్ధిమంతురాలైన పిల్ల అడిగినట్టే అడిగింది.

“ఎంతని చెప్పమంటారు టీచర్?”