పొగాకు బ్యారన్‌లో పాడిన పాట

"ఆ క్యాసెట్లు ఎక్కడ తగలేశావే?" అని హాల్లోంచి నాగేంద్రబాబు కేకేశాడు. బజ్జీల పిండి చెయ్యి కడుక్కుని కోటిరత్నం అటక మీది డబ్బా దింపింది. ఎక్కడ తగలేస్తుంది? ఇరవై ఏళ్లుగా బూజు తుడిచి, గాలికి ఆరబెట్టి, వేపాకు వేసి దాచింది ఆవిడే కదా! వినుకొండలో ఇళ్లు మారినప్పుడల్లా ముందు ఈ డబ్బానే చంకన పెట్టుకుంది. ఆయనగారికి దాని రంగు కూడా తెలియదు.

మొగుడు పాడే 'గొడ్డుకారం' రాక్ బ్యాండ్‌కి మళ్లీ మంచిరోజులొచ్చాయి. అప్పట్లో బయటికి రాని పాటలు, సగంలో ఆగిన టేకులు ఏరి ఆల్బం వేస్తున్నారు. డ్రమ్ములు వాయించే సాదిక్ కంప్యూటరూ మైకూ తెచ్చి హాల్లో దుకాణం పెట్టాడు. కోటిరత్నం ఆశంతా ఒక్క పాట మీదే. కనిగిరి దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ కొట్టంలో వాళ్లు సాధన చేసే రోజుల్లో, కొత్తకోడలిగా ఉన్నప్పుడు, తనే బాణీ కట్టి తనే పాడింది. "కోడలు మైకు పట్టుకుంటే ఊళ్లో తలెత్తుకోగలమా?" అని అత్తగారు దెప్పితే, "ఊరికే ట్రాక్ కోసంలే అమ్మా, తర్వాత తీసేస్తాం" అన్నాడు మొగుడు. అన్నట్టే తీసేసి తను పాడుకున్నాడు. ఆ పాటతోనే పేరొచ్చింది. పోనీలే, ఎవరి పేరైతేనేం అనుకుంది. ఏం అనుకోవడం! కడుపు మండిపోయింది. మొదటి టేపులో తన గొంతుంది కదా, ఎప్పటికైనా ఎవరో ఒకరు వినకపోతారా అని అంత భద్రంగా దాచింది.

సాయంత్రానికి ఏరడం అయిపోయింది.

"వదినా, ఆల్బంలో నువ్వూ ఉన్నావు!" అన్నాడు సాదిక్.

ఆవిడ గబగబా దగ్గరికొచ్చింది. సాదిక్ బటన్ నొక్కాడు. గిటారు ఆగి, "టీలు చల్లారిపోతున్నాయి, రండయ్యా!" అని తన గొంతు వినిపించింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"మరి నా పాట?"

"గరగరమంటోంది వదినా. ఎట్టాగూ అన్న పాడింది ఉందిగా."

"గరగరమన్నా సరే, అట్టాగే పెట్టండి నాయనా. అదొక్కటే అడుగుతున్నా."

"జనానికి కావాల్సింది నా గొంతు," అన్నాడు నాగేంద్రబాబు. "నీ ముచ్చట తీరుద్దని టీ మాట పెట్టాంగా! అది కూడా సరిగ్గా పడలా. రా, మైకులో ఇంకోసారి చెప్పు."

"నేను చెప్పను."

కాపురానికొచ్చాక మొగుడి మాట కాదనడం ఇదే మొదలు. ఆయనకి కోపమన్నా రాలేదు. లోపల చదువుకుంటున్న పదహారేళ్ల కూతుర్ని పిలిచాడు.

"భవ్యా, ఇటు రామ్మా. నీది అచ్చం మీ అమ్మ గొంతే."

భవ్య పరిగెత్తుకొచ్చి మైకు ముందు కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "ఏం పాడాలి నాన్నా?"

"పాటా లేదు గీటా లేదు. టీ తాగడానికి రమ్మని పిలువు, చాలు."

"అంతేనా?" అంది పిల్ల. అయినా నాన్న అడిగాడు కదా అని మైకు దగ్గరికి వంగింది.

కోటిరత్నం వెళ్లి కూతురి భుజం పట్టుకుని లేపింది.

"లేవే తల్లీ. ఈ మాట నీ గొంతుకి అలవాటు కాకూడదు. నేనే చెబుతాను."